పద్నాలుగు అంకెల్లో ఏది చూడాలి?

విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 46, బరువు 66 కిలోలు, కంటైనర్ యార్డులో షిఫ్టు డ్యూటీ. రెండేళ్ల పాటు తెల్లారకముందే లేచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వైపు సైకిల్ తొక్కారు. పోయిన నవంబరులో రుషికొండ దగ్గర ఆటో అడ్డం రావడంతో పడ్డారు. ఎడమ మోకాలికి దెబ్బ, మణికట్టుకి కట్టు. "ఇక రోడ్డెక్కితే నా మీద ఒట్టే" అన్నారు భార్య. చివరికి ఇద్దరూ రాజీపడింది ఇంట్లో తొక్కే ట్రైనర్ దగ్గర. సైకిల్ వెనక చక్రాన్ని రోలర్‌కి ఆనించి బిగించే రకం కొన్నారు. వెనక గదిలో పెట్టి, ఎదురుగా ట్యాబ్ అమర్చుకున్నారు. డిసెంబరులో స్నేహితులతో కలిసి అరకు దాకా తొక్కాలని ఈయన కోరిక. "నీ ఒంట్లో సత్తువుందని నాకు నమ్మకం కుదిరితే చూద్దాం" అని ఆవిడ షరతు.

కష్టం ట్యాబ్ తెర దగ్గర మొదలైంది. వాట్లు (పెడల్ మీద పెట్టే శక్తి), సగటు వాట్లు, కిలోకి వాట్లు, గుండె వేగం, గుండె జోను (ఆ వేగం తేలికా కష్టమా చెప్పే మెట్టు), కేడెన్స్ (నిమిషానికి పెడల్ చుట్లు), వేగం, దూరం, కేలరీలు, కుడి ఎడమ కాళ్ల వాటా, శ్రమ స్కోరు, ఫిట్‌నెస్ గ్రాఫు, వాచీ ఇచ్చే నిద్ర స్కోరు, "ఈ రోజు మీరు సిద్ధమేనా" అనే శాతం. మొత్తం పద్నాలుగు. జనవరిలో ఎఫ్‌టీపీ (గంటసేపు నిలబెట్టగల వాట్ల అంచనా) పరీక్ష చేసుకుంటే 182 వాట్లు, మే నెలలో 171. నాలుగు నెలలు చెమటోడ్చి వెనక్కి పోయానని దిగులు. హైదరాబాదులో ఉండే బావమరిదికి 210 వచ్చిందట. దానికి తోడు మార్చి నుంచి ఎంత తొక్కినా గుండె వేగం 132 దాటడం లేదు, యాప్ ఏమో "తేలిక వ్యాయామం" అంటోంది. అది తేలిక కాదని నిరూపించాలని ఒక రోజు పట్టుబట్టి తొక్కితే, దిగేసరికి కళ్లు బైర్లు కమ్మి గోడ పట్టుకుని కూర్చున్నారు. "గంట తొక్కుతాడు, రెండు గంటలు ఫోన్ చూస్తాడు, దిగాక ఆ మొహం చూడలేకపోతున్నాం" అని భార్య వాళ్ల అక్కతో చెప్పుకుంటుంటే విన్నారు. మూడో పేజీ చివర, ఏదో గుర్తొచ్చినట్టు, ఫిబ్రవరిలో డాక్టరు బీపీకి మాత్ర మొదలుపెట్టారని ఒక్క ముక్క రాశారు. ఏ అంకెలు ఉంచుకోవాలి, ఏవి వదిలేయాలి, లేక ట్రైనర్‌నే అమ్మేయాలా అన్నది ఆయన ప్రశ్న.

*

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి వాట్ల గురించి చదివాను, రెండోసారి ఆ మాత్ర గురించి. నాలుగు పేజీల్లో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం అదే. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఇంట్లో మాత్రల పట్టీ తీసి వెనక వైపు చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. అటినొలాల్, మెటోప్రొలాల్, బిసోప్రొలాల్ లాగా "లాల్"తో ముగిసే పేరు ఉంటే అది బహుశా బీటా బ్లాకర్ జాతి. ఒక్కోసారి రెండు మందులు కలిపిన మాత్రలో కూడా ఇది ఉంటుంది, పేర్లన్నీ చూడండి. గుండె అతి వేగంగా కొట్టుకోకుండా పట్టి ఉంచడమే దాని పని. మీరు ఎంత తొక్కినా గుండె అంకె పైకి లేవకపోవడానికి అది చాలు. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ లాంటివైతే గుండె వేగాన్ని అలా కట్టడి చేయవు, అప్పుడు కారణం వేరే చోట వెతకాలి. ఏ మాత్రయినా మీ అంతట మీరు ఆపకండి, తగ్గించకండి. బీటా బ్లాకర్‌ను ఉన్నట్టుండి మానేస్తే గుండె ఎదురుతిరిగి ప్రమాదం తెచ్చే అవకాశం ఉంది.

కళ్లు బైర్లు కమ్మిన సంగతి డాక్టరుకి చెప్పారో లేదో మీరు రాయలేదు. ఈ వారమే చెప్పండి. ఈ సమాధానంలో మిగతావన్నీ మీ ఇష్టానికి వదిలేసే మాటలు, ఇదొక్కటి కాదు. ఆయన చూసి సరే అనేదాకా గట్టిగా తొక్కే పని పెట్టుకోకండి, మెల్లగా తొక్కవచ్చా అన్నది కూడా ఆయన్నే అడగండి. ఛాతీలో బరువుగా అనిపించినా, మళ్లీ కళ్లు తిరిగినా దిగిపోండి, తెర మీద ఎంత మిగిలి ఉన్నా సరే.

ఇప్పుడు ఆ "తేలిక వ్యాయామం" సంగతి. యాప్ మీ వయసు అడిగింది, 220 లోంచి 46 తీసేసి మీ గరిష్ఠ గుండె వేగం 174 అనుకుంది. దాంట్లో శాతాలు వేసి జోన్లు గీసింది. ఆ సూత్రం జనం మొత్తానికి వేసిన సగటు, ఒక్క మనిషికి పట్టుకొస్తే పది పన్నెండు అటూ ఇటూ కావడం మామూలే. మీ విషయంలో మాత్ర కూడా తోడైతే 174 అన్నది మీ ఒంటికి సంబంధించిన అంకే కాదు. 132 దగ్గర మీరు ఎగశ్వాసతో తొక్కుతుంటే యాప్ దాన్ని ఆకుపచ్చ రంగులో చూపించింది. మీ ఊపిరి నిజం చెప్పింది, మీరు రంగును నమ్మారు. ఇందులో మీ తప్పు లేదు, మాత్ర సంగతి యాప్‌కి ఎవరూ చెప్పలేదు. కానీ ఇక మీదట ఆ జోన్ల పట్టీని తెర మీద నుంచి తీసేయండి.

ఇక 182, 171. ఎఫ్‌టీపీ అంటే సుమారు ఒక గంట పాటు నిలబెట్టగలిగే వాట్లు. మీరు చేసినట్టు 20 నిమిషాలు శక్తి కొద్దీ తొక్కి, ఆ సగటులో 95 శాతం తీసుకుంటే వచ్చేది దాని అంచనా. రెంటికీ తేడా 11 వాట్లు, అంటే 6 శాతం. ఈ 6 శాతం మీ కాళ్లలోంచే పోయిందని ఎలా అనుకున్నారు? మీ ఉత్తరంలోనే ఇంకో నాలుగు కారణాలు కనిపిస్తున్నాయి.

టైరు చూడండి ముందు. మీది చక్రాన్ని రోలర్‌కి ఆనించే రకం. "గాలి అప్పుడప్పుడు కొడతాను" అని రాశారు. టైరులో గాలి తగ్గినా, బిగింపు మర ఒక చుట్టు ఎక్కువ తిప్పినా రోలర్ దగ్గర రాపిడి మారుతుంది, వాట్ల లెక్క మారుతుంది. ఈ రకం ట్రైనర్లు బాగున్న రోజే అయిదు శాతం అటూ ఇటూ చూపిస్తాయి. అందుకే యాప్‌లో స్పిన్‌డౌన్ అనే సదుపాయం ఇచ్చారు. పది నిమిషాలు తొక్కి టైరు వేడెక్కాక, వేగం పెంచి పెడల్ ఆపేస్తే చక్రం ఆగడానికి ఎంతసేపు పట్టిందో చూసి అది తనను తాను సరిచేసుకుంటుంది. మీరు అది ఎప్పుడైనా చేశారా? ఉత్తరంలో ఆ మాట లేదు.

రెండోది మే నెల. మన ఊళ్లో మే అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. రోడ్డు మీద 25 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఆ గాలి ఎప్పటికప్పుడు చెమట ఆరబెడుతుంది. వెనక గదిలో ఆ గాలి లేదు, పైగా సముద్రం పక్కన ఉన్న మనకు గాలిలోనే తడి. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, కారిపోతే చల్లబడదు. మీ సైకిల్ కింద టైల్స్ మీద మడుగు కడుతోందని, ముందు పాత తువ్వాలు వేసేవాళ్లు ఇప్పుడు రెండు దుప్పట్లు వేస్తున్నారని రాశారు చూడండి, అది ఆరని చెమట. ఒంటిని చల్లబరచడానికి గుండె రక్తాన్ని చర్మానికి మళ్లించాలి, కాళ్లకి అంత మేర తక్కువ పోతుంది. అదే మనిషి, అదే సత్తువ, వాట్లు తగ్గుతాయి. జనవరి ఉదయం కిటికీ తీసుకుని చేసిన పరీక్షకి, మే సాయంత్రం సీలింగ్ ఫ్యాన్ కింద చేసిన పరీక్షకి పోటీ పెట్టడం న్యాయం కాదు. (ఒక చిన్న మాట. ఆ ఉప్పు నీరు హ్యాండిల్ టేపు కిందకి దిగి బోల్టులు తినేస్తుంది. అసలే మన ఊరి గాలికి ఇనుము నిలవదు. నెలకోసారి టేపు విప్పి చూడండి.)

మూడోది, మే పరీక్ష నైట్ డ్యూటీ దిగి నిద్ర సరిపోకుండానే చేశారు. నాలుగోది మాత్ర. బీటా బ్లాకర్ అయితే గట్టిగా తొక్కినప్పుడు గరిష్ఠ వాట్లు కాస్త తగ్గడం సహజం. ఈ నాలుగూ తీసేశాక మీ కాళ్ల వాటాకి ఏం మిగులుతుందో ఎవరూ చెప్పలేరు. మీరు వెనక్కి పోయారనడానికి ఆ 171 సాక్ష్యం కాదు.

బావమరిది గారి 210 కూడా ఇక్కడే తేల్చేద్దాం. ఆయన బరువు 84 కిలోలని మీరే రాశారు. 210ని 84తో భాగిస్తే కిలోకి రెండున్నర వాట్లు. మీ 171ని 66తో భాగిస్తే 2.6 దాకా వస్తుంది. చదునైన రోడ్డు మీద ఆయన ముందుంటారు, ఘాట్ ఎక్కేటప్పుడు మీరు. ఆ లెక్క కూడా పెద్దగా పట్టించుకోకండి. ఆయన ట్రైనర్ వేరు, గది వేరు, ఆయన గదిలో ఏసీ ఉందో లేదో మీకు తెలియదు. వాట్లను ఆ ట్రైనర్ మీదే, ఆ టైరు గాలితోనే, నిన్నటి మీతోనే పోల్చుకోవాలి. అందుకని ఆయన స్క్రీన్‌షాట్ పంపితే "బాగుంది బావా" అని ఊరుకోండి, మీది పంపకండి.

మిగతా అంకెల్ని త్వరగా చూసేద్దాం. తెర మీద వేగం, దూరం మీ వాట్లు, బరువు చూసి యాప్ అల్లుకునే లెక్క, ఎదురుగాలి ఉన్న భీమిలి రోడ్డు మీద అది పనికిరాదు. కేలరీలకి వాచీ 780 అంటోంది, ట్రైనర్ 540 కిలోజౌళ్లు అంటోంది, ఏది నమ్మాలని అడిగారు. ట్రైనర్‌ని. మనిషి ఒళ్లు తిన్నదాంట్లో నాలుగో వంతు కంటే తక్కువే పెడల్ దాకా చేరుస్తుంది, అందువల్ల పెడల్ దగ్గర చేసిన కిలోజౌళ్ల అంకె, ఒంట్లో ఖర్చయిన కిలోకేలరీల అంకె ఇంచుమించు ఒకటే అవుతాయి. గంటసేపు 150 వాట్లు తొక్కితే 540 కిలోజౌళ్లు, కాబట్టి సుమారు 550 కేలరీలు. 780 అనుకుని తింటే మాత్రం తేడా పొట్ట దగ్గర తెలుస్తుంది. శ్రమ స్కోరు, ఫిట్‌నెస్ గ్రాఫు రెండూ ఎఫ్‌టీపీ మీద కట్టిన మేడలు. గంటసేపు సరిగ్గా ఎఫ్‌టీపీ దగ్గర తొక్కితే నూరు మార్కులన్నది వాటి లెక్క, ఆ ఎఫ్‌టీపీయే తప్పయితే మార్కులూ తప్పే. కాళ్ల వాటా 52, 48 అని చూసి దెబ్బ తగిలిన ఎడమ కాలు చచ్చుబడుతోందని భయపడ్డారు. వెనక చక్రం దగ్గర కొలిచే యంత్రానికి రెండు కాళ్లను విడివిడిగా తూచే వీలు లేదు, అది అంచనా. అయినా నాలుగు శాతం తేడా చాలామందికి ఉంటుంది. మోకాలు నొప్పి పెడితే డాక్టరుకి చూపించండి, అంకె కోసం మాత్రం వద్దు. నిద్ర స్కోరు గురించి చెప్పాలంటే, నైట్ డ్యూటీ చేసి వచ్చిన మనిషికి నిద్ర చాలలేదని వాచీ చెప్పాలా?

కేడెన్స్ దగ్గర కాస్త ఆగాలి. నిమిషానికి 90 చుట్లు తగ్గితే తెర ఎర్రబడుతుందని, అందుకని కాళ్లు గిరగిరా తిప్పుతున్నానని రాశారు. 90 చాలామందికి హాయిగా ఉండే వేగమే, కానీ శాసనం కాదు. మీరు డిసెంబరులో ఎక్కాల్సింది ఘాట్. అక్కడ మీ పాత సైకిల్ చిన్న గేరులో కూడా 60, 65 చుట్లే పడే చోట్లు ఉంటాయి. ఇంట్లో ఎప్పుడూ 95 తిప్పిన కాళ్లకి అది కొత్త పని. వారానికోసారి పెద్ద గేరు వేసి, మోకాలు ఒప్పుకున్నంత మేర, పదేసి నిమిషాలు 65 దగ్గర తొక్కండి. ఎరుపును పట్టించుకోకండి.

అసలు మీ ప్రశ్న ఏ అంకెలు అని కాదు, అరకు ఎక్కగలనా అని. దాన్నే లెక్కలోకి దింపుదాం. వైజాగ్ నుంచి అరకు 115 కిలోమీటర్ల పైచిలుకు. ఎస్.కోట (శృంగవరపుకోట) దాకా మామూలు రోడ్డే, అది దాటాక టైడా, అనంతగిరి మీదుగా ఘాట్. అరకు 900 మీటర్ల ఎత్తున ఉంది, మధ్యలో గాలికొండ దగ్గర అంతకంటే పైకి ఎక్కి మళ్లీ దిగాలి. మీరు, సైకిలు, నీళ్లు కలిపి 80 కిలోలు అనుకుందాం. 80 కిలోల్ని 900 మీటర్లు పైకి లేపడానికే 700 కిలోజౌళ్లు కావాలి. 130 వాట్లతో నికరంగా తొక్కితే ఒట్టి ఎత్తుకే గంటన్నర. రోడ్డు రాపిడి, గాలికొండ ఎక్కి దిగడం కలుపుకుంటే రెండు గంటలు దాటుతుంది. అది కూడా అప్పటికే 60 కిలోమీటర్లు తొక్కిన కాళ్లతో. కాబట్టి మీకు కావాల్సింది 20 నిమిషాల పరీక్షలో వచ్చే 182 కాదు. 130 వాట్లని రెండు గంటల పాటు, ఊపిరి చెడకుండా మోయగలగడం. 182 కొట్టగలిగినవాళ్లు కూడా ఎస్.కోట దాటిన మొదటి అరగంటలో ఉత్సాహపడి 170 తొక్కేసి, అనంతగిరి చేరకుండానే రోడ్డు పక్కన కూలబడతారు.

ఇక్కడి నుంచి మీకు మూడు దారులున్నాయి.

వాట్లనే నమ్ముకోవడం ఒకటి. ప్రతిసారీ టైరులో ఒకే గాలి, పది నిమిషాల తర్వాత స్పిన్‌డౌన్, ఛాతీకి ఎదురుగా టేబుల్ ఫ్యాన్, నైట్ డ్యూటీ తర్వాతి రోజు పరీక్ష లేకపోవడం. ఆరు వారాలకోసారి పరీక్ష. అంకె అప్పుడు నమ్మదగినదవుతుంది, ఘాట్ మీద ఎంత తొక్కాలో తెలుస్తుంది. కానీ 20 నిమిషాల పరీక్ష గుండెని చివరిదాకా పరిగెత్తిస్తుంది, డాక్టరు ఒప్పుకోవాలి. ఇంకొకటి, మనసులో దాచుకోకుండా చెబుతున్నాను. మీరు పరీక్షని కోర్టు తీర్పులా తీసుకునే మనిషి. మళ్లీ 171 వస్తే ఆ వారమంతా ఇంట్లో ఎలా ఉంటుందో ఆలోచించుకోండి.

రెండోది అన్నీ మూసేయడం. ట్యాబ్ మీద గుడ్డ కప్పి, గోడ గడియారం చూసి గంట తొక్కి దిగడం. ఆరు వారాలు అలా చేస్తే తొక్కడంలో ఉన్న హాయి తిరిగి రావచ్చు, మీకు దాని అవసరం ఉంది కూడా. నష్టమేమిటంటే, మోతాదు తెలియదు. 130 ఎలా ఉంటుందో కాళ్లకి అలవాటు కాదు, ఘాట్ మొదట్లో ఉత్సాహపడే ప్రమాదం అలాగే ఉండిపోతుంది.

మూడోది ఊపిరిని నమ్ముకోవడం. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్, మనిషి తన శ్రమని తానే అంచనా వేసుకునేలా 6 నుంచి 20 దాకా ఒక కొలబద్ద తయారు చేశాడు. ఆరోగ్యవంతుడి గుండె వేగాన్ని పదితో భాగిస్తే ఇంచుమించు ఆ అంకె వస్తుందని అలా పెట్టాడు. మీరు అంత దూరం పోనక్కర్లేదు, పదికి మార్కులు చాలు. మనకి ఇంకా సులువైన పద్ధతి ఉంది. తొక్కుతూ పదమూడో ఎక్కం పైకి చదవండి. "పదమూడు ఒకట్ల పదమూడు" నుంచి చివరిదాకా మాట తెగకుండా వస్తే అది పదికి నాలుగు. మధ్యలో రెండు చోట్ల ఊపిరి తీసుకోవాల్సి వస్తే ఆరు. "పదమూడు నాలుగుల" దగ్గరే ఆగిపోతే ఎనిమిది, అది ఘాట్ మీద మీకు పనికిరాని చోటు. మాత్ర వేసుకున్నవాళ్లకి ఇది గుండె అంకె కన్నా నమ్మకమైనది. కానీ దీంతో ముందుకి పోతున్నామా లేదా అన్నది నెలలు గడిస్తే గాని తెలియదు, ఓపిక కావాలి.

నా మొగ్గు మొదటిదానికి, మూడోదానికి మధ్యన. తెర మీద వాట్లు ఒక్కటే ఉంచి, డాక్టరు సరేనన్నాక 130 దగ్గర పెట్టండి. ఎక్కం చదువుతూ తొక్కండి. మొదట 40 నిమిషాలు, వారం వారం పదేసి నిమిషాలు పెంచుకుంటూ పోండి. 130 దగ్గర ఎక్కం తెగుతుంటే 115కి దిగండి, సిగ్గుపడొద్దు. గుండె వేగాన్ని వారానికి ఒక్కసారి, ఆదివారం మాత్రమే, దిగాక చూడండి. మొదటి సగం సగటు ఎంత, రెండో సగం సగటు ఎంత. అవే వాట్లకి రెండో సగంలో పెరుగుదల అయిదు శాతం లోపుంటే ఆ దూరానికి ఒళ్లు అలవాటు పడుతున్నట్టు కోచ్‌లు లెక్కేస్తారు. మాత్ర ఉన్నా మీతో మీరే పోల్చుకుంటారు కాబట్టి అది కొంత పనికొస్తుంది, ఫ్యాన్ మాత్రం ప్రతిసారీ అదే చోట ఉండాలి. చేతి వాచీకి బదులు ఛాతీకి కట్టే పట్టీ అయితే మేలు. చెమట చేతి మీద వాచీ గుండెకి బదులు పెడల్ చుట్లు లెక్కపెట్టిన సందర్భాలు ఉన్నాయి.

ఇంట్లో ఆవిడ సంగతి. ఆవిడకి నమ్మకం కలిగించడానికి మీరు 14 అంకెలు పెంచుతూ పోయారేమో అనిపించింది. ఆవిడ అడిగింది వాట్లు కాదు. రుషికొండ దగ్గర మీరు రక్తంతో లేచిన రోజు నుంచి ఆవిడ భయం వేరు, అది గోడ పట్టుకుని కూర్చున్న రోజు ఇంకా పెరిగింది. డాక్టరు దగ్గరికి ఆవిణ్ని వెంట తీసుకెళ్లండి. టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష) అవసరమా, ఘాట్ ఎక్కవచ్చా అని ఆవిడే అడగనివ్వండి. ఆయన నోటి నుంచి వచ్చే ఔను గాని కాదు గాని ఆవిడ నమ్ముతారు, మీ గ్రాఫు నమ్మరు. ఔనంటే అక్టోబరులో ఒక ఉదయం సింహాచలం ఘాట్ ఒక్కసారి ఎక్కండి, ఆవిడ స్కూటర్ మీద వెనక రావడానికి ఇష్టపడితే ఇంకా మంచిది. ఆయన వద్దంటే, ఈ డిసెంబరు కాదు. మీకు బాధగా ఉంటుందని తెలుసు.

మీ అమ్మాయి తొమ్మిదో తరగతి అన్నారు, మీరు దిగగానే "ఎలా ఉంది నాన్నా" అని అడుగుతుందని, మీరు ఒక అంకె చెప్పి ఫోన్ తీస్తారని రాశారు. ఆ అలవాటునే కొంచెం మార్చండి. దిగగానే, ఫోన్ ముట్టుకోకముందు, పదికి ఎంతో పాపకి చెప్పండి, వంటింట్లో క్యాలెండరు మీద ఆ తేదీ గడిలో తననే రాయమనండి. ముందు వాట్లు చూస్తే ఆ మార్కు మారిపోతుంది, అందుకే ఈ వరుస. మాత్ర పట్టీ మీద ఏ పేరుందో, డాక్టరు ఏమన్నారో తెలిశాక నాకు మళ్లీ రాయండి. నేను చెప్పిన 130ని అప్పుడు మార్చాల్సి రావచ్చు.